కావ్యవనము నుండి ప్రజోద్యానమునకు

ప్రబంధమునకు అష్టాదశ వర్ణనలు ఉండవలెనని మన లాక్షణికులు నియమము చేసినారు. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రోదయము, సూర్యోదయము అనే ఆ వరుసలోనే ఉద్యానము కూడా ఉన్నది. అందుచేత తెలుగు చదువుకొన్న ప్రతి విద్యార్థీ ఏదో ఒక తరగతిలో ఒక తోటలో అడుగుపెట్టక తప్పదు. ఆ తోటలో అశోకము, పొగడ, గోరంట, పొన్న, సంపెంగ, మొల్ల, మొగలి అన్నీ ఒకే ఋతువులో, ఒకే పద్యములో పూస్తాయి. పడతి పాదము తాకితే అశోకము పూస్తుందనీ, పుక్కిటి మధువు చిలికితే పొగడ పూస్తుందనీ, గోరంటకు కౌగిలి కావలెననీ, తిలకమునకు చూపు చాలుననీ దోహదక్రియలను వల్లెవేసి, పరీక్షలో వ్రాసి, విద్యార్థి మంచి మార్కులే తెచ్చుకొంటాడు.

ఆ విద్యార్థినే తరగతి కిటికీ దగ్గరకు పిలిచి, ఆవరణలో నిలిచిన చెట్టును చూపించి, దాని పేరేమని అడిగి చూడండి. “ఏదో మాను సార్” అంటాడు. కొంచెము తెలివైనవాడైతే “అశోక చెట్టు సార్” అంటాడు. ప్రహరీల వెంట బారులు తీరి, నిటారుగా పెరిగి, అలలంచుల ఆకులను క్రిందికి వ్రేలాడదీసే ఆ చెట్టును ఊరంతా అశోకమనే పిలుస్తున్నది. అది కవులు చెప్పిన అశోకము కాదు, నరమామిడి. సీతాఫలపు కుటుంబమునకు చెందినది. దాని పూలు లేత ఆకుపచ్చగా పూసి, ఆకుల నడుమ ఎవరికీ కనబడకుండా రాలిపోతాయి. కావ్యములలోని అశోకము వేరు. నారింజ వన్నెలో విచ్చి, ఎర్రబారే పూల గుత్తులు దాని కొమ్మలను అంటుకొని పూస్తాయి. ఆ చెట్టును ఒకసారి పూతలో చూచినవాడికి కవులు దానిని మన్మథుని బాణములలో ఎందుకు చేర్చినారో వ్యాఖ్యానము లేకుండానే తెలుస్తుంది. నరమామిడిని చూచి అదే అశోకమనుకొన్నవాడికి ఎంత వ్యాఖ్యానము చెప్పినా తెలియదు.

ఒంటిమిట్ట కోదండరాముని నీడలో ఉన్నవారికి ఈ సంగతి మరింత దగ్గరిది. అశోకవనములో సీతమ్మ ఏ చెట్టు క్రింద కూర్చున్నది? అశోకము క్రిందనే అని చాలామంది జవాబు. వాల్మీకి చెప్పినది శింశుపావృక్షము. మన నిఘంటువులు శింశుపమునకు ఇరుగుడు చెట్టని అర్థము చెప్పినవి. ఆ వాల్మీకిని తెలుగు చేసి ‘ఆంధ్ర వాల్మీకి’ అనిపించుకొని, టెంకాయచిప్ప చేతబట్టి భిక్షమెత్తి ఒంటిమిట్ట ఆలయమును ఉద్ధరించిన వావిలికొలను సుబ్బారావుగారి (1863-1936) యింటిపేరులోనే ఒక చెట్టు ఉన్నది, ఒక కొలను ఉన్నది. వావిలి ఏ చెట్టో, బాలింతకు వావిలాకు కాచిన నీళ్ళు పోసిన తల్లులకు తెలుసును. వారి మనుమలకు తెలియదు. వేంపల్లె, చింతకొమ్మదిన్నె, పెండ్లిమర్రి అని ఊళ్ళ పేర్లలోనే వేమునూ చింతనూ మర్రినీ నిలుపుకొన్న కడప జిల్లాలో కూడా మాట ఒకచోట, మాను ఒకచోట అయిపోయినవి.

ఈ రెంటినీ తిరిగి కలిపే స్థలము ఏది? అడవికి ముప్పై మంది పిల్లలను వెంటబెట్టుకొని పోవడము ప్రతి ఉపాధ్యాయునికీ సాధ్యము కాదు. అందరికీ తలుపు తెరచి ఉండే తోట, అనగా ప్రజోద్యానము, ఆ పనికి తగినది. అటువంటి తోట మనకు ఎట్లు వచ్చినది, అక్కడికి పోయి ఏమి చూడవలె, ఎండసీమలో అది ఎట్లు ఉండవలె అన్నది ఇక్కడ విచారించవలసిన విషయము.

ఎవరి తోట?

మన పురాణములలో అన్నింటికంటె గొప్ప తోట నందనవనము. అది ఇంద్రునిది. సత్యభామ కోరిక తీర్చడానికి శ్రీకృష్ణుడు అందులోని పారిజాతమును పెకలించి తెచ్చిన కథను నంది తిమ్మన ప్రబంధముగా పెంచినాడు. దేవతల తోటలోని చెట్టు భూమికి దిగివచ్చినది నిజమే కాని, సత్యభామ పెరటిలోకి వచ్చినదే తప్ప వీథిలోకి రాలేదు. ఆ తరువాతి రాజుల ఉద్యానములూ అట్టివే. నాయిక చెలికత్తెలతో పూలు కోసుకొనే చోటికి సామాన్యుడు పోవలెనంటే పద్యము ఒక్కటే దారి.

దేవుని తోటలు ఇంకొక విధము. రామానుజాచార్యుల శిష్యుడు అనంతాళ్వారు తిరుమలలో పూలతోట వేసి, నీటికి చెరువు త్రవ్వుకొన్నాడని వైష్ణవ సంప్రదాయము చెబుతున్నది. పురుశైవారి తోట అనే పేరుతో ఆ స్థలము నేటికీ ఉన్నది. తిరుమలలో పూలన్నీ స్వామికే. స్వామికి సమర్పించి తీసివేసిన పూలను కూడా భక్తులకు ఇవ్వక పూలబావిలో వేయడము అక్కడి ఆచారము. అది భక్తికి పరాకాష్ఠ; కాని ఆ తోట విహారమునకు గాని, విద్యకు గాని ఏర్పడినది కాదు.

అట్లని అందరికీ ఉపయోగపడే చెట్టును నాటే ధర్మము మనకు క్రొత్తది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుత్తికి సమీపాన, బండలపై అశోక చక్రవర్తి శాసనములు ఉన్నవి. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్ది నాటి ఆ శాసనములలో ఒకదానిలో మనుష్యుల కొరకూ పశువుల కొరకూ ఔషధుల మొక్కలు తెప్పించి నాటించిన సంగతి, దారుల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించిన సంగతి ఉన్నది. అశోకవృక్షము మన సీమలో అరుదైనా, అశోకుని మాట మన సీమ బండమీదనే ఉన్నదన్నమాట. తరువాతి కాలమున సప్తసంతానములలో కృతితో, ఆలయముతో, తటాకముతో పాటు వనమును కూడా చేర్చినారు. కన్నకొడుకు ఎంతటివాడో, నాటిన వనమూ అంతటిదని పెద్దల అభిప్రాయము. మామిడితోపులు, చింతతోపులు, సాలుమరాలు ఆ ధర్మబుద్ధికి పుట్టినవే. అయితే తోపులో నీడ ఉంటుంది, పండు ఉంటుంది. చెట్టు చెట్టుకూ పేరు తెలుసుకొనే ఏర్పాటు మాత్రము ఉండదు.

సామాన్యుడు తన హక్కుగా ప్రవేశించి, తిరిగి, చూచి, నేర్చుకొనే తోట అనే ఏర్పాటు పందొమ్మిదవ శతాబ్దిలో బలపడినది. ఇంగ్లండులో యంత్రశాలల పొగ పట్టణములను కమ్మినప్పుడు, కూలివాడికి ఊపిరి పీల్చుకొనే చోటు కావలెనని పురపాలకులు గుర్తించినారు. ఆ దేశపు పడమటి తీరమున, అప్పటి చెషైర్ కౌంటీలోని బర్కెన్‌హెడ్ పట్టణములో ప్రజాధనముతో నిర్మించిన ఉద్యానమును 1847లో ప్రజలకు తెరచినారు. దానిని 1850లో చూచిపోయిన అమెరికా దేశస్థుడు ఒల్మ్‌స్టెడ్, తరువాత న్యూయార్కులోని సెంట్రల్ పార్కు నిర్మాతలలో ఒకడైనాడు. ఇంగ్లండులోనే 1927లో మరొక మంచి పద్ధతి మొదలైనది. గ్రామములలో తిరిగి రోగులకు సేవ చేసే నర్సుల సహాయనిధి కొరకు, సొంత తోటలు గలవారు ఏడాదిలో కొన్నాళ్ళు తలుపులు తెరచి, మనిషికి ఒక షిల్లింగు చొప్పున ప్రవేశ రుసుము పుచ్చుకొన్నారు. మొదటి ఏడే 609 తోటలు తెరచినారు. నాటినుండి సముద్రతీరపు కౌంటీలలో ప్రతి వేసవిలోనూ ఊరూరా తోటలు చూచిరావడము అక్కడివారికి ఒక యాత్ర అయినది. మనకు తిరునాళ్ళు ఎట్లో వారికి తోటలు అట్లు.

రెండు తోటలు

మన తెలుగునాట ఈ భావమునకు చక్కని పేరు పెట్టినది హైదరాబాదు. నాంపల్లి దగ్గరి పబ్లిక్ గార్డెన్సుకు పాతపేరు బాగ్-ఎ-ఆమ్. బాగ్ అంటే తోట, ఆమ్ అంటే సామాన్య జనము. నవాబుల నగరములో ‘జనుల తోట’ అనే పేరుతో ఒక స్థలము వెలసినదంటే ఆ పేరే ఒక చరిత్ర. ఆ ఆవరణను ఆనుకొని 1913లో పూర్తియైన టౌన్‌హాలు తరువాత శాసనసభా భవనమైనది. నిజాము రజతోత్సవమునకు గుర్తుగా కట్టిన జూబిలీ హాలు అక్కడ ఉన్నది. ఈజిప్టు మమ్మీ గల పురావస్తు ప్రదర్శనశాల అక్కడనే ఉన్నది. ఒక్క తోటలో చెట్టు, చరిత్ర, ప్రజాపాలన మూడూ ఇరుగుపొరుగుగా ఉన్నందువల్ల, పిల్లలను తీసుకొనిపోయే ఉపాధ్యాయునికి ఒక పూట చాలదు.

రాయలసీమవారికి దగ్గరి తోట మరొకటి, బెంగుళూరులోని లాల్‌బాగ్. అనంతపురము, చిత్తూరు, కడప జిల్లాల పాఠశాలలనుండి విహారయాత్ర బయలుదేరినదంటే తిరుపతి తరువాత తలపునకు వచ్చేది బెంగుళూరే. 1760లో ఈ తోటకు పునాది వేసిన హైదరాలీ, 1779లో మన ఒంటిమిట్ట పొరుగునున్న సిద్ధవటము కోటను కడప నవాబు చేతినుండి పట్టుకొన్నవాడు. కోటలు పట్టిన ఆ చేయియే తోటకూ పాదులు త్రవ్వించినది. కోటలు పాడుబడినవి, తోట పెరిగి 240 ఎకరములైనది. సుల్తాను వినోదము కొరకు పుట్టి, 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యానముగా మారినది. 1889లో పునాది వేసిన గాజుమేడలో జనవరిలోనూ, ఆగస్టులోనూ పుష్పప్రదర్శనలు జరుగుతాయి.

మన పిల్లలు అక్కడికి పోయి గాజుమేడను చూస్తారు, బండ ఎక్కుతారు, ఫొటో తీయించుకొంటారు, వేరుసెనగకాయలు తిని తిరిగివస్తారు. ఏమి చూచినారని అడిగితే “శానా పూలు సార్” అంటారు. ఇది పిల్లల దోషము కాదు. గ్రంథాలయములోకి తీసుకొనిపోయి పుస్తకము తెరవకుండా తీసుకొనివస్తే ఎంతో, పేర్లు చదవకుండా ఉద్యానము చూపించి తేవడమూ అంతే. లాల్‌బాగ్ వంటి తోటలలో ముఖ్యమైన చెట్లకు పేరుపలకలు ఉంటాయి. ఆ పలకలపై మొదట శాస్త్రనామము, తరువాత వాడుకపేరు వ్రాస్తారు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క చెట్టును అప్పగించి, దాని ఆకు ఎట్లున్నది, బెరడు ఎట్లున్నది, పూవు ఉన్నదా కాయ ఉన్నదా, మన ఊరిలో దాని పేరేమి, ఏ పద్యములో అది వచ్చినది అని ఐదు ప్రశ్నలకు జవాబులు వ్రాయించితే, ముప్పై మంది పిల్లలు ముప్పై చెట్లతో తిరిగి వస్తారు. మరునాడు తరగతిలో ఒకరికొకరు చెప్పుకొంటే ఆ ముప్పై చెట్లూ అందరివీ అవుతాయి.

తెలుగు పేరు లాటిన్‌లోకి పోయిన కథ

శాస్త్రనామము అనగానే అది మనకు సంబంధించని పాశ్చాత్య భాష అని తెలుగు పంతుళ్ళము తప్పుకోవడము వాడుక. ఆ లాటిన్ పేర్లలో కొన్నింటి లోపల తెలుగు దాగి ఉన్నదని తెలిస్తే అట్లు తప్పుకోము.

స్కాట్లండు దేశస్థుడైన విలియం రాక్స్‌బరో అనే వైద్యుడు 1776లో తూర్పు ఇండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781 ప్రాంతమునుండి గోదావరి మండలములోని సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోటవేసి మిరియము మొదలైనవాటిని పెంచి చూచినాడు. చుట్టుప్రక్కల కొండలలోని, పొలములలోని మొక్కలను సేకరించి, దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించినాడు. ఊరివారు ఏ చెట్టును ఏమని పిలుస్తారో విని, ఆ తెలుగు పేరును ప్రక్కన వ్రాసుకొన్నాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా వెళ్ళిపోయినాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించి ఆయన సిద్ధపరచిన గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో అచ్చయినది. అందులో 300 చిత్రములు ఉన్నవి.

ఆయన వర్ణించిన చెట్లలో ఒకటి మన సోమిద. జ్వరమునకు దాని బెరడు కషాయము మంచిదని పల్లెవారి అనుభవము. రాక్స్‌బరో ఆ గుణమునే పేరులో చేర్చి ‘ఫెబ్రిఫ్యూగా’ అన్నాడు, అనగా జ్వరమును తరిమేది. తరువాతి శాస్త్రజ్ఞులు దాని ప్రజాతికి తెలుగు పేరునే తీసుకొని ‘సోయ్మిడా’ అని స్థిరపరచినారు. నేడు ప్రపంచములో ఏ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ చెట్టును పిలిచినా తెలుగుమాటతోనే పిలువవలె. కడప, చిత్తూరు కొండలలోని తంబజాలారి కథా అటువంటిదే. రాక్స్‌బరో విన్న తెలుగు పేరు ‘తంబుగ్గాయ’ అనే రూపములో దాని శాస్త్రనామమునకు అంటుకొన్నది.

ఆ పేర్లు నిఘంటువులోకి వచ్చిన దారి కూడా కడపవారు తెలుసుకోదగినది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి ఇక్కడనే తెలుగునకు అంకితమైన సి.పి. బ్రౌను, 1852లో అచ్చయిన తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో చెట్ల పేర్ల ప్రక్కన శాస్త్రనామములను చేర్చినాడు. ఆయన పండితులను చేర్చి గ్రంథములు పరిష్కరింపజేసిన బంగళా ఉండిన స్థలములోనే నేడు కడపలో సి.పి. బ్రౌను గ్రంథాలయము ఉన్నది. కావ్యములోని చెట్టు పేరు తెలియనప్పుడు విద్యార్థి బ్రౌణ్యమును తెరచి చూడవచ్చును. నిఘంటువు పేరును చెబుతుంది. వాసనను, నీడను, బెరడు గరుకును చెప్పలేదు. అవి తోటలో మాత్రమే దొరుకుతాయి. ఉద్యానమును ప్రాణమున్న నిఘంటువు అనవచ్చును.

త్రాగే నీరు లేనిచోట తోట ఎందుకు?

ఇంతవరకు చదివిన రాయలసీమ పాఠకుడు ఒక ప్రశ్న వేయకమానడు. “అయ్యా, బెంగుళూరులో వానలున్నవి, హైదరాబాదులో చెరువులున్నవి. 1876-78 నాటి ధాత కరువును, 1952 నాటి గంజికేంద్రములను చూచిన సీమ మనది. బిందెడు నీటికి బారులు తీరే ఊరిలో పచ్చికకు నీళ్ళు పట్టమంటారా?” ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు చెప్పకుండా తోటలను గురించి మాట్లాడడము ఈ సీమలో చెల్లదు.

పచ్చికబయలు ఇంగ్లండులో పెరిగినదంటే అది అక్కడి ఆకాశము చేసిన పని. ఏడాది పొడుగునా సన్నని జల్లు, మెత్తని ఎండ ఉన్నచోట గడ్డి తనంతట తాను పచ్చగా ఉంటుంది. దానిని తెచ్చి మన రోహిణికార్తె ఎండలో పరచి, గొట్టములతో నీరు చల్లి బ్రతికించడము తోటపని కాదు, ఆడంబరము. విచిత్రమేమంటే ఇంగ్లండులోనే వాన తక్కువైన ఒక తీరపు కౌంటీ ఈ పాఠమును స్పష్టముగా చెప్పినది. తూర్పు తీరమున ఉన్న ఎస్సెక్స్‌లో ఏడాదికి వాన సుమారు 500 మిల్లీమీటర్లు. అక్కడ కోల్చెస్టరు సమీపాన ఎల్మ్‌స్టెడ్ మార్కెట్ అనే గ్రామములో బెత్ ఛాటో (1923-2018) అనే తోటకారిణి, సందర్శకుల కార్లు నిలిపే గులకరాతి నేలను 1991-92లో తోటగా మార్చినది. ఆ తోటకు నీరు పట్టకూడదని ఆమె నియమము. కరువుకు ఓర్చిన మొక్కలనే ఏరి నాటినది. నేల తేమ ఆరిపోకుండా గులకరాళ్ళు పరచినది. బ్రతికినదానిని ఉంచినది, ఎండినదానిని తీసివేసినది. మొక్కకు నేలను మార్చవద్దు, నేలకు తగిన మొక్కను వెదకండి అన్నది ఆమె పద్ధతి సారాంశము. ఆ తోటను చూడడానికి దూరదూరములనుండి జనము వస్తున్నారు.

మన కడప జిల్లా సగటు వర్షపాతము దాదాపు 700 మిల్లీమీటర్లు. అంకెను మాత్రమే చూస్తే ఎస్సెక్స్‌కంటె మనమే భాగ్యవంతులము. కాని వారి వాన పన్నెండు నెలలకు పంచుకొని వస్తుంది. మన వాన కొద్దిరోజులలో కురిసి పెన్నలో కలిసిపోతుంది, ఆపైన ఎండ నిప్పులు చెరుగుతుంది. కాబట్టి వారి మొక్కలు మనకు పనికిరావు. వారి ఆలోచన మాత్రము పనికివస్తుంది. నీరు పోయకుండా ఈ నేలలో ఏమి బ్రతుకుతుంది అని అడిగితే, జవాబు చెప్పడానికి ఒంటిమిట్టలో నిలిచి తల ఎత్తి చూస్తే చాలును. శేషాచలము, పాలకొండల శ్రేణులు ఎదుటనే ఉన్నవి.

కంచె లేని తోట

ఆ కొండలలో పుట్టే ఎర్రచందనము సహజముగా తూర్పుకనుమల దక్షిణభాగములో తప్ప ప్రపంచములో మరెక్కడా పుట్టదు. కడప, తిరుపతి, నెల్లూరు, ప్రకాశము, కర్నూలు సీమల కొండలే దాని పుట్టినిల్లు. రాతినేలలో, మండుటెండలో మెల్లగా పెరిగి, నీటిలో వేస్తే మునిగేటంత బరువైన చేవ కట్టుతుంది. ఆ చేవకోసమే దొంగలు దానిని నరికి దేశములు దాటిస్తున్నారు. 1995లో అంతర్జాతీయ ఒప్పందముతో దాని వ్యాపారమును కట్టడి చేసినారు. ఎర్రచందనమును గురించి మన పిల్లలకు తెలిసినదంతా దొంగలను గురించి, సినిమాలను గురించి. ఆ చెట్టు ఆకు ఎట్లుంటుందో, దాని పసుపుపచ్చని చిన్నపూవు ఎట్లుంటుందో, గుండ్రని రెక్క గల దాని కాయ గాలిలో ఎట్లు ఎగురుతుందో తెలిసినవారు ఎందరు? గంధపు చెట్టుకూ దానికీ భేదము చెప్పగలవారు ఎందరు?

దానితోడి చెట్లు ఇంకా ఉన్నవి. పైన చెప్పిన తంబజాలారి, కొండసాంబ్రాణి, మొగి మొదలైనవి ఈ సీమ కొండలకే ప్రత్యేకమైనవి. పెరిత అనే ఈత వంటి మొక్క ఉన్నది. బెడ్డోము అనే అటవీ అధికారి పేరు దాని శాస్త్రనామములో ఉన్నది. 2010లో శేషాచలమును జీవావరణ రక్షితస్థలముగా ప్రకటించినది ఈ సంపదను చూచియే.

ముళ్ళపొద సైతము నిరర్థకము కాదని సిద్ధవటము ప్రాంతమే లోకమునకు చూపించినది. కలివికోడి అనే పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడక, నశించిపోయినదని శాస్త్రజ్ఞులు నిశ్చయించుకొన్నారు. 1986 జనవరిలో, ఈ ప్రాంతపు పల్లెవాని సహాయముతో, రెడ్డిపల్లె సమీపపు పొదలలో అది మరల కనబడినది. దానికొరకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. తెలుగుగంగ కాలువ దారిని సైతము మార్చవలసివచ్చినది. బంజరని, తుప్పలని మనము చూపు త్రిప్పుకొనిపోయే నేల, ప్రపంచములో మరొకచోట లేని ప్రాణికి ఇల్లు. ఆ పక్షిని పల్లెవాడు గుర్తించినాడు గనుకనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. పేరు తెలిసినవాడు ఒకడు మిగిలి ఉంటే ఎంత మేలో దీనికంటె పెద్ద నిదర్శనము అక్కరలేదు.

ఇక ఎండసీమకు తగిన ప్రజోద్యానము ఎట్లుండవలెనో ఊహించడము కష్టము కాదు. పచ్చిక ఉండదు, చెట్లుంటాయి. పూవులు ఏడాదంతా ఉండవు; ఋతువును బట్టి ఉంటాయి. మాఘఫాల్గుణములలో ఆకురాల్చి మోదుగ పూస్తుంది. కావ్యములలోని కింశుకము అదే. అదే కాలములో కొండగోగు పసుపుపచ్చగా విరియబూస్తుంది. నిఘంటువులు కర్ణికారమునకు చెప్పిన అర్థము అదే. ఉగాదికి వేప పూస్తుంది, కానుగ చిగురిస్తుంది. వైశాఖములో రేల బంగారు గొలుసులు వ్రేలాడదీస్తుంది. పొగడ నీడనిచ్చి, రాలిన పూలలోనూ వాసన నిలుపుకొంటుంది. మొదటి రెండుమూడు వేసవులు కుండతో పాదులో నీరు పోసి, ఆకుచెత్త కప్పితే, ఆపైన వాటి బ్రతుకు అవి బ్రతుకుతాయి. వనవర్ణన పాఠము చెప్పేనాటికి ఏ చెట్టు పూతలో ఉంటుందో చూచుకొని పాఠముల వరుసను కొంచెము సవరించుకొంటే చాలును.

దీనికి పెద్ద ధనము అక్కరలేదు. పాఠశాల ఆవరణలో పది చెట్లకు చోటుంటే పది చాలును. అడవినుండి మొక్కలు పెరికి తేవడము తప్పు. అటవీశాఖ నర్సరీలలో అడిగి తెచ్చుకొనవలె. ప్రతి చెట్టుకూ ఒక పలక ఉండవలె. దానిమీద మొదట తెలుగు పేరు, తరువాత సంస్కృత నామము, ఆపైన శాస్త్రనామము వ్రాయవలె. చెట్టుకు మేకు కొట్టరాదు. పలకను ప్రక్కన కొయ్యకు కట్టవలె. తెలుగు పంతులు, విజ్ఞానశాస్త్రపు పంతులు కలిసి చేయదగిన పని ఇది. మూడవవారు కూడా ఒకరు కావలె: ఊరిలో ఆకుపసరులు తెలిసిన అవ్వనో, గొర్రెలు కాచే తాతనో పిలిచి, చెట్టు దగ్గర నిలబెట్టి, “ఇది ఏమి చెట్టు తాతా?” అని పిల్లలచేత అడిగించవలె. రాక్స్‌బరో అడిగినది కూడా అంతమాత్రమే. ఆ తాతలు పోయిన తరువాత అడుగుదామంటే చెప్పేవారు ఉండరు.

ఒంటిమిట్టలో సప్తసంతానములలో మూడు ఇప్పటికే కనబడుతున్నవి. ఆలయము ఉన్నది, మధ్యరంగమండపపు 32 స్తంభములతో, మూడు గోపురములతో నిలిచి, 1652లో ఈ దారిన వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే మెప్పు పొందినది, 2015నుండి తిరుమల తిరుపతి దేవస్థానముల నిర్వహణలో ఉన్నది. తటాకము ఉన్నది, ఒక ముస్లిము అధికారి రాముని పిలిచి బదులు విని త్రవ్వించినాడని చెప్పుకొనే ఇమాంబేగ్ బావియూ ఉన్నది. కృతికి కొదవలేదు, పోతన మావాడంటే మావాడని ఓరుగల్లుతో నేటికీ వాదమున్నది, వావిలికొలనువారి రామాయణమును గురించి వాదమే లేదు. నాలుగవది వనము. చైత్రమాసపు వెన్నెలలో రాములవారి కల్యాణమునకు వచ్చే వేలాది జనము మరునాటి ఉదయమున పిల్లలను వెంటబెట్టుకొని ఒక గంట తిరిగి, ఇది ఇరుగుడు, ఇది వావిలి, ఇది ఎర్రచందనము, ఇది అసలైన అశోకము అని చదువుకొనే తోట ఒకటి ఈ కొండల దిగువ ఏర్పడవచ్చును. ప్రభుత్వము తలచుకొంటే పెద్దది ఏర్పడుతుంది. అంతవరకు మన పాఠశాల ప్రహరీ లోపల చిన్నది ఏర్పడడానికి అడ్డేమీ లేదు. ఈ ఏడు తొలకరికి గుంతలు త్రవ్వి ఉంచుకొంటే, ఇప్పుడు ఆరవ తరగతిలో చేరిన పిల్లవాడు పదవ తరగతి ముగించి పోయేలోగా తాను నాటిన చెట్టు నీడలో నిలిచి దాని పేరు చెప్పగలడు.